ఒదీలమ్మ కుడి కన్ను

వెర్మోయి ఊళ్ళో ఒదీల్ జక్మార్ ఎవరినైనా పలకరించే ముందు కాస్త వెలుతురులోకి జరగమనేది. జరిగాక ఎడమ కన్ను మూసి, మెడ ఓ పక్కకి వాల్చి, కుడి కంటితో ఎగాదిగా చూసేది. పాలవాణ్ణీ అంతే, చర్చి ఫాదర్‌నీ అంతే. కొత్త ఫాదర్ వచ్చిన మొదటి ఆదివారం ముందు బెంచీలో కూర్చుని ఆయన్ని అలా చూసేసరికి, పాపం ఆయన ప్రసంగం మధ్యలో ఆపి చొక్కా గుండీలు తడుముకున్నాడు.

అందులో ఆవిడ తప్పేమీ లేదు. షాంపేన్ వైను తయారుచేసే ఆర్కే వారి ఇంట్లో నలభై ఒక్క ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పనే అది. బిరడా బిగించిన ప్రతి సీసా, లేబుల్ అంటించుకునే ముందు, ఆవిడ నిలబడే దీపం బల్ల దగ్గరికి రావాలి. సీసాని దీపానికి ఎదురుగా పట్టి ఒక్క తిప్పు తిప్పేది. లోపల తేటగా ఉంటే కుడివైపు బుట్టలోకి. మబ్బు పట్టినట్టున్నా, నూలుపోగంత మడ్డి ఆడినా ఎడమవైపు బుట్టలోకి. రోజుకి మూడు వేల సీసాలు చూసేది. ఊళ్ళో అడిగితే పదివేలంటారు. నన్నడిగితే నేను ఇంకో రెండు వేలు కలిపి చెబుతాను.

ఆర్కే వారికి దీపమంటే అంత పట్టింపు ఎందుకంటే, వాళ్ళ మూలపురుషుడు అసలు వైను వ్యాపారే కాదు. కొవ్వొత్తులు అమ్ముకునేవాడు. ఎండాకాలం సరుకంతా కరిగి ముద్దయిపోతోందని, సుద్దకొండ కింద చల్లటి నేలమాళిగ ఒకటి కొన్నాడు. అమ్మినవాడు అందులో నలభై పీపాల వైను వదిలేసి పోయాడు. ఆ రోజుల్లో షాంపేన్ బియ్యం కడిగిన నీళ్ళలా ఉండేది. గొప్పింటివాళ్ళు ఆ మడ్డి కంటపడకుండా గరుకు గాజు గ్లాసుల్లో పోసుకుని తాగేవాళ్ళు. కొవ్వొత్తులాయన మాత్రం ఒక సీసాని తన సరుకు వెలుగులోనే చూసుకుని, "ఛీ, ఇదా నేను రాజులకి అమ్మేది!" అన్నాడట. దీపానికి పట్టి చూడని సీసా గేటు దాటకూడదని ఆనాడే హుకుం జారీ చేశాడు.

తరవాత సీసాలు పేలే రోజులు వచ్చాయి. సీసా లోపల వైను రెండోసారి పులిసి, ఆ గాలికి గాజు ఆగలేక ఒకటి ఢామ్మంటే, ఆ దెబ్బకి పక్కది, దాని దెబ్బకి ఇంకోటి. పనివాళ్ళు మొహాలకి ఇనప తొడుగులు తగిలించుకుని కిందకి దిగేవాళ్ళు. ఒకాయన తొడుగు తియ్యడం మరిచిపోయి ఇంటికెళ్తే, వాళ్ళావిడ "ఇవాళ కళగా ఉన్నావయ్యా" అందిట. ఆయన మనవలు ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నారు, కాబట్టి పేరు చెప్పను.

ఇక ఒదీలమ్మ సంగతి. ఆవిడ పుట్టిన తొమ్మిది రోజుల దాకా కళ్ళు తెరవలేదు. ద్రాక్షతోటల్లో కూలికి పోయే వాళ్ళమ్మ హడిలిపోయి, కళ్ళు కాపాడే పునీతురాలు ఒదీలమ్మకి మొక్కుకుంది. పదో రోజు పిల్ల కళ్ళు తెరిచింది. తెరిచినవి మళ్ళీ మూయలేదని వాళ్ళ వీధిలో అంటారు. మొదటి యుద్ధంలో పైన గుండ్లు పడుతుంటే ఊరు ఊరంతా ఆర్కే వారి నేలమాళిగల్లో నెలల తరబడి కాపురముంది. అక్కడ ముప్పైమంది పిల్లలకి ఒకే ఒక్క కొవ్వొత్తి. ఆ వెలుగులో ఈ అమ్మాయి వరసపెట్టి అందరి తలల్లో పేలు తీసేది. అప్పటి వైను మేస్త్రీ అది చూశాడు. మగవాళ్ళంతా యుద్ధానికి పోయారేమో, "ఈ కన్ను నాకు కావాలి" అని పదిహేడో ఏట పిల్లని తెచ్చి దీపం ముందు నిలబెట్టాడు. ఇక ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు.

యుద్ధం నించి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళలో ఫిర్మేన్ గోబెర్ ఒకడు. వాడికి సీసాలు తిప్పే పని ఇచ్చారు. ఏటవాలు బల్లలకి బెజ్జాలుంటాయి. వాటిలో సీసాలు మెడ లోపలికి పెట్టి గుచ్చుతారు. రోజూ ఒక్కో సీసాని పట్టుకుని టక్కున కొంచెం తిప్పాలి, కొంచెం తల కిందకి వంచాలి. రెండు నెలలయ్యేసరికి లోపలి మడ్డంతా జారిజారి మెడ దగ్గరికి చేరుతుంది. అప్పుడు మూత పీకితే గాలికి మడ్డి ఎగిరి బయట పడుతుంది. తిప్పేవాడి మణికట్టు వాటం చెడిందా, మడ్డి పొట్టకి అతుక్కుపోతుంది. ఇక ఆ సీసా ఎడమవైపు బుట్టకే.

ఫిర్మేన్ మణికట్టు మంచిదే. పంతొమ్మిదివందల ఇరవైరెండులో, బూట్లకి మెరుగు పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని దీపం బల్ల దగ్గరికొచ్చి, నన్ను చేసుకుంటావా అని అడిగాడు.

ఒదీల్ కొంచెం వెలుతురులోకి జరగమంది. ఎడమ కన్ను మూసి చూసింది.

"మడ్డి ఉంది," అంది.

నలుగురు పనివాళ్ళ ముందు అంది. మడ్డంటే మరేం లేదు. ఫిర్మేన్ ఆ రోజుల్లో శనివారాలు డాన్సులకి పోయి, ప్రతి ఊళ్ళోనూ ఒక పిల్లకి మాటిచ్చి వచ్చేవాడు. ఆ పూట టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండా రొట్టెల కొట్టువాళ్ళ పిల్లని చేసుకున్నాడు. ఈ కథ జరిగేనాటికి ఆవిడ పోయి ఆరేళ్ళయింది. కానీ ఆ మాట పడ్డ రోజు నించీ ఫిర్మేన్ ఒక పంతం పట్టాడు. వాడి బల్లల నించి దిగిన సీసాల్లో వెయ్యింటికి ఒక్కటి కూడా ఒదీల్ ఎడమవైపు బుట్టలో పడకూడదు. ముప్పైఐదేళ్ళు పడనివ్వలేదు. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువే. సీసాలే అటూ ఇటూ కబుర్లు మోసేవి.

యాభైఏడు అక్టోబరులో ఒకరోజు ఒదీలమ్మ ఒక సీసా పైకెత్తి చూసి ఎడమవైపు పెట్టింది. ఇంకోటీ ఎడమవైపే. సాయంత్రానికి ఎడమ బుట్టలో నలభై సీసాలు చేరాయి.

బంగారు కాగితం చుట్టి లేబుళ్ళు అంటించే గదికి పెద్ద మార్సెలిన్. ముప్పై ఏళ్ళది, నోరు మాత్రం అరవై ఏళ్ళది. ఆవిడ వచ్చి బుట్ట చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఒదీలమ్మా! ఇదేంటి, ఇన్నా?"

"మబ్బు."

"మా గదిలో కూడా మబ్బుగానే ఉంది, కిటికీ తుడవక. వైనుకేమైందమ్మా?"

"పట్టుకుని నువ్వే చూడు."

మార్సెలిన్ సీసా దీపానికి పట్టి చూసింది. ఆవిడకి చక్కగా, తేటగా, బంగారంలా కనిపించింది. అయినా నోరు మెదపలేదు. ఎందుకంటే ఆర్కే వారింట్లో ఒక పద్ధతుంది. ఎడమ బుట్టలో పడ్డ సీసా అమ్మకానికి పనికిరాదు. సాయంత్రం నాలుగింటికి పనివాళ్ళు రొట్టె, చీజ్ తినేటప్పుడు ఆ సీసాలు విప్పుకోవచ్చు. ఇన్నాళ్ళూ వారానికి ఐదారు సీసాలు నలభైమంది గొంతులకి చుక్క చుక్కగా సరిపెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు రోజుకి నలభై.

"ఆ, ఉందమ్మా," అంది మార్సెలిన్. "బాగా కనబడుతోంది. చాలా మబ్బు."

ఆ సాయంత్రం నాలుగింటికి పనివాళ్ళ గది పెళ్ళిపందిరిలా ఉంది. అందరి గ్లాసుల్లోనూ వైను అద్దంలా మెరుస్తోంది. ఒదీలమ్మ మాత్రం దూరంగా తన చికోరీ కాఫీ తను తాగుతోంది. ఆవిడ షాంపేన్ ముట్టదు. "గాలి మింగడానికి నేనేం కొలిమితిత్తినా?" అంటుంది. నలభై ఒక్క ఏళ్ళలో లక్షల సీసాల లోపలికి చూసింది గానీ, ఒక్కదాని రుచీ తెలీదు.

అప్పటి వైను మేస్త్రీ ముస్యే ద్యూషేన్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన మెడలో రుచి చూసే వెండి గిన్నె వేళ్ళాడుతుంటుంది. నిద్రపోయేటప్పుడు కూడా తియ్యడంటారు. సీసా ఎత్తి చూశాడు. తేటగా ఉంది. ఎదురుగా ఒదీలమ్మ. వెనకాల నలభైమంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"మీకు కనిపించడం లేదా ముస్యే?" అంది ఒదీలమ్మ.

ఆమెకి కనిపించింది తనకి కనిపించలేదంటే వైను మేస్త్రీ పరువేం కాను? ద్యూషేన్ గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకు కనిపించదు మద్మొజెల్! నా కళ్ళకే చెబుతావా? అదిగో, పొట్ట దగ్గర. సన్నగా, పొగలా."

"నాకు మెడ దగ్గర కనిపిస్తోంది," అంది ఒదీలమ్మ.

"మెడ దగ్గరా ఉంది. రెండు చోట్లా ఉంది."

ఆ రోజుతో అంతా మొదలైంది. ద్యూషేన్ మొదట పులియబెట్టే ఈస్టుని తిట్టాడు. తరవాత గాజు చేసినవాణ్ణి తిట్టాడు. తరవాత రోడ్డు మీద పోయే లారీలని, వాటి అదురుడుకి సుద్దగోడలు కంపిస్తున్నాయని తిట్టాడు. రష్యావాళ్ళు ఆకాశంలోకి వదిలిన కొత్త చుక్కే కారణమేమోనని కూడా ఒక వారం అనుమానపడ్డాడు. ఆఖరికి అన్నీ అయిపోయి, తప్పు సీసాలు తిప్పేవాళ్ళలో పెద్దవాడైన ఫిర్మేన్ మణికట్టు మీదకొచ్చి ఆగింది.

"అరవై రెండేళ్ళొచ్చాయి గోబెర్," అన్నాడు ద్యూషేన్. "చెయ్యి వణుకుతోందేమో."

"వణకడం లేదు ముస్యే."

"పునీత విన్సెంటు పండగ దాకా చూస్తాను. అప్పటికి సీసాలు బాగుపడకపోతే నువ్వు సీసాలు కడిగే చోటికి పోతావు. విగ్రహం ఇంకెవరికైనా ఇద్దాం."

ఫిర్మేన్ మొహం సుద్దగోడలా తెల్లబోయింది. జనవరి ఇరవైరెండున వైనువాళ్ళ పునీతుడు విన్సెంటు కొయ్య విగ్రహాన్ని ఊరేగిస్తారు. సీసాలు తిప్పేవాళ్ళలో పెద్దవాడు దాన్ని భుజాన మోస్తాడు. ముప్పైఎనిమిదేళ్ళు ఎదురుచూస్తే ఈసారి ఫిర్మేన్ వంతు వచ్చింది. కొత్త బూట్లు కుట్టించుకున్నాడు. రోజూ రాళ్ళ మూట భుజాన వేసుకుని పెరట్లో నడక సాధన చేస్తున్నాడు. అవతలి ఇంటివాళ్ళు చూసి మతిపోయిందేమోనని డాక్టరుకి కబురు పెట్టారు కూడా.

ఫిర్మేన్ తిన్నగా దీపం బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఒదీల్, నీకు నా మీదేమన్నా కోపముందా?"

"నాకెందుకు కోపం?"

"మరి నా సీసాలెందుకు పడేస్తున్నావు?"

"ఉన్నది చెబుతున్నాను ఫిర్మేన్. ఉన్నది చెప్పకపోతే నేనెందుకిక్కడ?"

"గ్లాసులో పోస్తే తేటగానే ఉంటోందే!"

"పొయ్యగానే తేరుకుంటుంది. నేను చూసేది సీసాని."

 సీసాలు తిప్పేవాడు దీపాన్ని అనుమానించడమా? కోపమొచ్చినా, ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఎవరికీ ఆ ఊహే రాదు. తన చెయ్యి తనే ముందుకి చాచి వణుకుతోందేమో చూసుకున్నాడు. చూసుకోవడం మొదలెట్టాక నిజంగానే కొంచెం వణికింది. ఆ వారం నించి కిందకి దిగి, ప్రతి సీసానీ పసిపిల్ల తల నిమిరినంత మెల్లగా తిప్పేవాడు. పనయ్యేసరికి బట్టలన్నీ చెమటతో తడిసిపోయేవి, ఆ చల్లటి మాళిగలో. అయినా ఎడమ బుట్ట నిండుతూనే ఉంది.

డిసెంబరు పదమూడు ఒదీలమ్మ పేరు పండగ, అంటే ఆవిడకి పేరిచ్చిన పునీతురాలి పండగ. పనివాళ్ళందరూ లేచి నిలబడి, ఎడమ బుట్ట సీసాలతోనే ఆవిడకి గ్లాసులెత్తారు.

"మన ఒదీలమ్మ కంటికి!" అంది మార్సెలిన్. అప్పటికే నాలుగో గ్లాసు. "ఆ కన్ను వందేళ్ళు చల్లగా ఉండాలి! ఇంకా ఇంకా మబ్బులు చూడాలి!"

"చూడాలి, చూడాలి!" అన్నారందరూ.

ఒక్క ఫిర్మేనే గ్లాసు ముట్టుకోలేదు. ఒదీలమ్మ అది గమనించింది. ఆ సాయంత్రం కాఫీలో చక్కెర వేసుకోవడం మరిచిపోయింది.

క్రిస్మస్ ముందు ఒదీలమ్మ ఇంట్లో ఇంకో ఘోరం జరిగింది. ఆవిడకి మహారాణి అనే ఒక కోడి ఉండేది. అది పెట్టిన గుడ్డుని రోజూ దీపానికి పట్టి చూడందే ఆవిడ పగలగొట్టదు. అలవాటు. ఆ మధ్య గుడ్లన్నీ మురిగిపోయినట్టు మబ్బుగా కనిపించసాగాయి. పొద్దున పెట్టిన వెచ్చటి గుడ్డు కూడా అంతే. పన్నెండు రోజులు చూసి, "దీనికేదో రోగం" అని, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మహారాణిని క్యాబేజీతో కలిపి పులుసు పెట్టేసింది. పులుసు బాగుందని పక్కింటావిడ రెండోసారి వడ్డించుకుంది. ఆ పక్కింటావిడ దగ్గరే గుడ్లు కొంటే అవీ మబ్బుగానే ఉన్నాయి. "మీ కోళ్ళకీ అంటుకుంది" అని ఒదీలమ్మ చెబితే, ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

జనవరి ఇరవై ఒకటి పొద్దున, పండగకి ముందు రోజు, ఒదీలమ్మ మొహం కడుక్కుంటుంటే కుడి కంట్లో సబ్బు పడింది. మంటతో ఆ కన్ను గట్టిగా మూసుకుని, పనికి ఆలస్యమవుతోందని, ఒంటి కంటితోనే పక్కింట్లో కొన్న గుడ్డు తీసుకుని దీపానికి పట్టింది.

గుడ్డు తేటగా ఉంది.

కుడి కన్ను తుడుచుకుని చూసింది. మబ్బు. ఎడమ కంటితో చూసింది. తేట. కుడి, మబ్బు. ఎడమ, తేట. గుడ్డు కింద పెట్టి కిటికీ చూసింది, గోడ మీద పునీతురాలి బొమ్మ చూసింది, పొయ్యి మీద గిన్నె చూసింది. కుడి కంటికి అన్నింటి మీదా పాలమీగడ కట్టింది. దీపం బల్ల దగ్గర వెలుగు ఎక్కువ కాబట్టి అక్కడ చాలా సీసాల్లో అది తెలియలేదు. కుర్చీలో కూలబడింది.

"అయ్యో నా మహారాణీ," అంది.

తరవాత ఫిర్మేన్ గుర్తొచ్చాడు. సాయంత్రానికి వాణ్ణి సీసాలు కడిగే చోటికి పంపేస్తారు. చెప్పేస్తే ఫిర్మేన్‌కి విగ్రహం దక్కుతుంది, తనకి దీపం పోతుంది. కళ్ళు పోయినదాన్ని దీపం ముందు ఎవడుంచుతాడు? లేబుళ్ళ గదిలో ఓ మూల కూర్చోబెట్టి జిగురు కలపమంటారు. మార్సెలిన్ కింద! నోరు మూసుకుంటే దీపం ఉంటుంది. పునీతురాలి బొమ్మ వైపు చూసింది. ఎడమ కంటితోనే చూసింది, తేటగా కనబడాలని. చూసి, శాలువా తలకి చుట్టుకుని బయల్దేరింది.

ఆవిడ వెళ్ళేసరికి దీపం బల్ల చుట్టూ అందరూ చేరారు. ద్యూషేన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఫిర్మేన్ టోపీ చేత్తో పట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు.

"ఆగండి ముస్యే," అంది ఒదీలమ్మ. "చెయ్యి మంచిదే. కన్నే చెడింది. నా కుడి కంటికి పొర కమ్మింది. అక్టోబరు నించీ నేను పడేసినవన్నీ బంగారంలాంటి సీసాలు. ఫిర్మేన్ తప్పు ఆవగింజంత లేదు."

 మొదట తేరుకున్నది మార్సెలిన్.

"ఒదీలమ్మా," అంది దీనంగా, "పండగ భోజనాలు అయ్యాక చెప్పలేకపోయావా?"

కొందరు నవ్వారు, కొందరు నాలుగింటి సీసాల్ని తలచుకుని నిట్టూర్చారు. ద్యూషేన్ మొహం మాత్రం బీట్‌రూటులా ఎర్రబడింది. "మద్మొజెల్ ఒదీల్! మూడు వేల పైచిలుకు మంచి సీసాలు ఈ పోకిరీల పొట్టల్లో పోయించావా! కంటికి పొర కమ్మినవాళ్ళు ఇక ఈ దీపం దగ్గర..."

"ఒక్క మాట ముస్యే," అన్నాడు ఫిర్మేన్. వాడు తల ఎత్తడం అదే మొదలు. "ఆవిడకి పొరవల్ల మబ్బు కనిపించింది సరే. మరి మీకెలా కనిపించింది?"

ద్యూషేన్ చెయ్యి మెడలోని వెండి గిన్నె మీదకి పోయింది.

"పొట్ట దగ్గర అన్నారు," అంది మార్సెలిన్ సాయం చేస్తున్నట్టు. "సన్నగా, పొగలా అన్నారు. నేను పక్కనే ఉన్నాను."

"రెండు చోట్లా అన్నారు," అని వెనకనించి ఎవరో అన్నారు.

వెండి గిన్నెని ద్యూషేన్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కంటి జబ్బున్నవాళ్ళని తీసెయ్యాలంటే ముందు ఎవరిని తీసెయ్యాలో అందరికీ తెలిసిపోయింది. ఆయనకీ తెలిసింది.

"ఎడమ కన్నెలా ఉంది నీకు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ఒదీలమ్మ బల్ల దగ్గరికెళ్ళి దీపాన్ని అవతలి పక్కకి జరిపింది. నలభై ఒక్క ఏళ్ళలో ఆ దీపం జరగడం అదే మొదటిసారి. కింద చెక్కమీద నల్లటి చదరం పడి ఉంది. కుడి కన్ను మూసి, ఫిర్మేన్ సీసాల్ని ఒక్కొక్కటే ఎత్తి చూసింది. తేట, తేట, తేట. నూట అరవై సీసాలు కుడివైపు వెళ్ళాయి. నూట అరవై ఒకటోది ఆగింది. తిప్పి చూసి ఎడమవైపు పెట్టింది.

"మళ్ళీనా!" అన్నాడు ద్యూషేన్.

"చూడండి ముస్యే. భుజం కింద, వెంట్రుకంత."

ద్యూషేన్ చూశాడు. ఈసారి తొందరపడి అవునూ అనలేదు, కాదూ అనలేదు. జేబులోంచి భూతద్దం తీసి మరీ చూశాడు. ఉంది. వెంట్రుకంత.

"అది నాదే," అన్నాడు ఫిర్మేన్, బహుమతి వచ్చినవాడిలా. "వణికిన రోజుది."

మర్నాడు మంచు పడుతుంటే బ్యాండు ముందు నడిచింది, ఫిర్మేన్ కొత్త బూట్లతో పునీత విన్సెంటుని భుజాన మోస్తూ వెనక నడిచాడు. రాళ్ళ మూట సాధన వృథా పోలేదు. చర్చి మెట్ల దగ్గర ఒదీలమ్మ తీపి రొట్టె బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఊరేగింపు అక్కడ ఆగింది. ఎందుకాగిందంటే విగ్రహం మోసేవాడు ఆగాడు.

"ఒదీల్, ఇరవైరెండులో నువ్వు నన్ను ఏ కంటితో చూశావు?"

"కుడి కంటితో. ఎప్పుడూ దాంతోనే కదా చూసేది."

"ఆ కంటి సంగతి ఊరంతా తెలిసిపోయింది. రెండోదానితో ఓసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

"అప్పుడు ఆ కన్ను బాగానే ఉండేదయ్యా."

"ఎవరు చూడొచ్చారు?"

వెనక బ్యాండువాళ్ళు చలికి కాళ్ళు కొట్టుకుంటున్నారు. ఫాదర్ దగ్గాడు. ఒదీలమ్మ బుట్ట కింద పెట్టి, "కొంచెం వెలుతురులోకి జరుగు," అంది. ఫిర్మేన్ పునీతుడితో సహా జరిగాడు. ఆవిడ మెడ ఇంకో పక్కకి వాల్చి, కుడి కన్ను మూసింది.

ఎడమ కన్ను మూస్తే ఆవిడ పని చేసుకుంటోందని ఊళ్ళో అందరికీ తెలుసు. కుడి కన్ను మూసి ఆవిడ ఒక మనిషిని చూడడం మాత్రం ఎవరూ ఎప్పుడూ ఎరగరు. మార్సెలిన్ ఏకంగా, "అమ్మో, ఒదీలమ్మ కన్ను కొట్టింది!" అని కేక పెట్టింది. ఆ మాట సాయంత్రానికి నాలుగూళ్ళు దాటింది.

ఒదీలమ్మ అదేం పట్టించుకోలేదు. నిదానంగా, పై నించి కింద దాకా చూసింది.

"మడ్డి ఉంది," అంది.

ఫిర్మేన్ భుజం మీద పునీతుడు కొంచెం ఒరిగాడు.

"కాకపోతే," అంది ఒదీలమ్మ, రొట్టె బుట్ట ఎత్తుకుని వాడి పక్కన నడక మొదలుపెడుతూ, "మెడ దాకా దిగింది."